అలవాటుకి డిలీట్ బటన్ లేదు

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు పెద్దలు. బాగానే ఉంది. మరి ఇరవై మూడేళ్ళ వయసులో, మొదటి జీతంతో పాటు వచ్చిన బుద్ధుల సంగతేమిటి? నాలుగింటికి టీ, టీతో పాటు సిగరెట్టు, బిల్డ్ నడుస్తున్నంతసేపూ చేతిలో ఫోను, "ఒక్క ఐదు నిమిషాలే" అని మొదలెట్టి రాత్రి ఒంటిగంట దాకా వీడియోలు... ఇవేవీ పుట్టుకతో రాలేదు కదా. మరెందుకు పోవు?

మన ఆఫీసుల్లో దీనికో రెడీమేడ్ సమాధానం ఉంది. ఏడాదికోసారి ఎవరో ఒక వక్త వచ్చి, "ఇరవై ఒక్క రోజులు పట్టుబట్టండి, ఏ అలవాటైనా మీ దారికొస్తుంది" అని చెప్పి, చప్పట్లు కొట్టించుకుని వెళ్తాడు. ఇరవై రెండో రోజు మనం మళ్ళీ టీ బండి దగ్గరే ఉంటాం. "నాకు విల్‌పవర్ లేదు బాస్" అని మన మీద మనమే తీర్పు రాసేసుకుంటాం. నన్నడిగితే ఆ తీర్పు తప్పు. బగ్ ఒక ఫైల్లో ఉంటే మనం ఇంకో ఫైల్లో వెతుకుతున్నాం.

ముందు ఆ ఇరవై ఒకటి సంగతి చూద్దాం. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో ఒక పుస్తకం రాశాడు. ఆపరేషన్ తర్వాత కొత్త మొహానికి అలవాటు పడడానికి మనుషులకి కనీసం 21 రోజులు పడుతోందన్నాడు. ఆ "కనీసం" అన్న మాట దారిలో ఎక్కడో రాలిపోయింది, మొహం కాస్తా అలవాటైపోయింది! లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాల పాటు గమనించి 2010లో అచ్చు వేసిన లెక్క వేరు. ఒక పని దానంతటదే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని అంచనా. మధ్యలో ఒక రోజు తప్పితే కొంపలేమీ మునగవని కూడా తేల్చారు.

ఇక బుర్రలో జరిగేదేమిటి? బండి నేర్చుకున్న కొత్తల్లో క్లచ్చు, గేరు, బ్రేకు అన్నీ ఆలోచించి నొక్కేవాళ్ళం. ఇప్పుడు ఇంటికొచ్చాక దారిలో ఏ సిగ్నల్ దగ్గర ఆగామో కూడా గుర్తుండదు. ఆ పనిని మెదడు లోతుల్లో ఉండే బేసల్ గాంగ్లియా అనే భాగం చాలావరకు తన చేతిలోకి తీసేసుకుంది. ఎం.ఐ.టి.లో ఆన్ గ్రేబియెల్ బృందం ఎలుకల్ని టి ఆకారపు దారిలో చాక్లెట్ కోసం పరిగెత్తించి ఈ భాగాన్ని గమనించారు. మొదట్లో దారి పొడుగునా అక్కడి నాడీకణాలు హడావిడి పడ్డాయి. బాగా అలవాటయ్యాక పరుగు మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి గట్టిగా మోగాయి, మధ్యలో చాలావరకు నిశ్శబ్దం. అంటే మెదడు మొత్తం పనిని ఒక స్క్రిప్టుగా రాసి పెట్టుకుంది. ట్రిగ్గర్ తగిలితే చాలు, చివరిదాకా నడుస్తుంది.

2005లో వాళ్ళే ప్రచురించిన మరో సంగతి ఇంకా ముఖ్యం. బహుమతి ఆపేస్తే ఆ తీరు మాయమైంది. మళ్ళీ ఇస్తే చకచకా తిరిగొచ్చింది. అంటే కోడ్ డిలీట్ అవలేదు, కామెంట్ చేసి ఉంది, అంతే!

మా ఫ్రెండ్ ఒకడు ఆన్‌సైట్‌లో రెండేళ్ళు సిగరెట్ ముట్టలేదు. అక్కడ చలి, పదకొండు అంతస్తులు దిగాలి, తోడు ఎవరూ లేరు. "ఏం విల్‌పవర్ రా నీది!" అని అందరం మెచ్చుకున్నాం. హైదరాబాద్ తిరిగొచ్చిన రెండో వారం, అదే టీ బండి, అదే నలుగురు, అదే నాలుగింటి వేళ... అంటించాడు. ఇప్పుడు మూడేళ్ళ కూతురు ఎత్తుకోమని చేతులు చాస్తే "చొక్కా మార్చుకుని వస్తా" అని తప్పించుకుంటున్నాడు. తానో చవట అని నమ్మేశాడు. అక్కడ వాడు వీరుడూ కాదు, ఇక్కడ చవటా కాదు. ట్రిగ్గర్ మారింది. (నికోటిన్ రసాయనం లెక్క వేరే ఉంది, దానికి డాక్టరు సాయం తీసుకోవాల్సిందే.)

నమ్మరా? 2011లో డేవిడ్ నీల్, వెండీ వుడ్ వాళ్ళు సినిమా హాల్లో జనానికి వారం నాటి మెత్తబడ్డ పాప్‌కార్న్ ఇచ్చారు. హాల్లో పాప్‌కార్న్ తినే అలవాటు గట్టిగా ఉన్నవాళ్ళు, బాలేదంటూనే తాజాది తిన్నంతా తిన్నారు. అదే ఒక మీటింగ్ రూములో ఇస్తే అలా తినలేదు. తినిపించింది నాలుక కాదు, ఆ చోటు.

"ఇదంతా తప్పించుకునే వేదాంతం" అనేవాళ్ళుంటారు. కాదండీ, బాధ్యత ఎక్కడికీ పోలేదు, వేళ మారిందంతే. నాలుగింటికి టీ బండి ముందు నిలబడి మనసుతో కుస్తీ పట్టే బదులు, మూడున్నరకే ఇంకో వైపు, ఇంకొకరితో టీకి వెళ్ళడం. ఫోను మంచం పక్కన కాకుండా వంటింట్లో ఛార్జింగుకి పెట్టడం. చూడ్డానికి చిన్నవే, కానీ ట్రిగ్గర్ మీద దెబ్బ పడేది ఇక్కడే.

అన్నట్టు, ఫోను మీద ఆ ఎర్ర చుక్క ఎవరు రాశారనుకుంటున్నారు? మన జాతి వాళ్ళే. ఏ రంగుకి, ఏ వేళకి ఎక్కువమంది నొక్కుతారో టెస్టు చేసి మరీ రిలీజ్ చేసే వృత్తి మనది. పరాయివాళ్ళ బుర్రలకి పగలంతా ట్రిగ్గర్లు రాసి, సాయంత్రానికి మనకి విల్‌పవర్ లేదని ఏడవడం... ఇదేం న్యాయం చెప్పండి?