అండమాన్‌కు మోటారు సైకిల్: ఓడ కిరాయి ఒక్కటే ఖర్చు కాదు

ఉద్యోగం, బదిలీ లేదా వ్యాపార రీత్యా ఆంధ్రప్రదేశ్ నుంచి అండమాన్‌కు తరలివెళ్లే కుటుంబాలకు ఒక ప్రశ్న తప్పదు. ఉన్న మోటారు సైకిల్‌ను వెంట తీసుకువెళ్లాలా, అక్కడే కొత్తది కొనాలా? విశాఖపట్నం నుంచి శ్రీ విజయపురం, అంటే పూర్వపు పోర్ట్ బ్లెయిర్‌కు, దాదాపు 1,200 కిలోమీటర్లూ సముద్ర మార్గమే. ప్యాకింగ్, రేవు రుసుములు, ఓడ కిరాయి కలిపి లెక్కించుకోవాలి.

అండమాన్ దేశంలో అంతర్భాగం కనుక దిగుమతి సుంకం ఉండదు. అసలు భారం రిజిస్ట్రేషన్ వద్ద మొదలవుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, వాహనాన్ని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. ఇందుకు సొంత రవాణా కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం, రుణం ఉంటే బ్యాంకు అంగీకారం అవసరం. ఇక్కడ చెల్లించిన జీవితకాల పన్నులో వాపసు అందే వరకు, ఆ సొమ్ముతో పాటు అక్కడి పన్నునూ కుటుంబమే భరించాలి.

తరచూ బదిలీ అయ్యే ప్రభుత్వోద్యోగులు, సైనికుల కోసం 2021లో కేంద్రం భారత్ సిరీస్ నంబర్లను ప్రవేశపెట్టింది. నాలుగు లేదా అంతకు మించి రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల సిబ్బందికీ ఇది వర్తిస్తుంది. చిరువ్యాపారులకు, దినకూలీలకు ఈ వెసులుబాటు లేదు.

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు మోటారు సైకిళ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు ధర 80,000 రూపాయలైతే ఆదా 8,000 రూపాయలు. అందువల్ల ఏడాదిలోపు తిరిగివచ్చేవారికి పాత వాహనం తీసుకువెళ్లడం, స్థిరపడేవారికి దానిని ఇక్కడే అమ్మి అక్కడ కొనడం మేలు కావచ్చు. ఓడ ఎక్కించక ముందే ఈ లెక్క తేల్చుకోవడం అవసరం.