వివాదం కోర్టులది, నష్టం వారసులది

ఇంటి పెద్ద కన్నుమూస్తే ఆస్తి పంపకాన్ని ఏ న్యాయస్థానం చూడాలి? పదిహేడో శతాబ్దపు ఇంగ్లండును ఈ ప్రశ్న దశాబ్దాల తరబడి వేధించింది.

అక్కడ భూమి తగాదాలు రాజు న్యాయస్థానాలకు చెందేవి. భూమి సాధారణంగా పెద్దకొడుకుకే దక్కేది. నగదు, పశువులు, ఇంటి సామగ్రి వంటి చరాస్తికి సంబంధించిన వీలునామాలు చర్చి న్యాయస్థానాల పరిధిలో ఉండేవి. వీలునామా లేకుండా మరణించినవారి సొత్తును భార్యాబిడ్డలకు పంచమని చర్చి న్యాయస్థానం ఆదేశిస్తే, అంతటి అధికారం దానికి లేదంటూ రాజు న్యాయస్థానాలు నిషేధపు రిట్లు జారీచేసేవి. ఇటువంటి రిట్లపైనే ఆర్చిబిషప్ బాన్‌క్రాఫ్ట్, ప్రధాన న్యాయమూర్తి ఎడ్వర్డ్ కోక్ రాజు జేమ్స్ ఎదుట తలపడ్డారు. ఈలోగా అప్పులు తీర్చగా మిగిలిన సొత్తును, ఆస్తి నిర్వాహకుడే అట్టిపెట్టుకునే వీలు చిక్కింది.

చివరకు 1670లో పార్లమెంటు వాటాలను నిర్ణయించింది: వితంతువుకు మూడోవంతు, తక్కినది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా. భూమిని మాత్రం ఆ చట్టం తాకలేదు. చర్చి న్యాయస్థానాల వీలునామా అధికారం 1858 వరకు సాగింది.

అధికారం ఎవరిదన్న వాదం సాగినంతకాలం నష్టపోయినవారు వితంతువులు, అనాథలు. వారిని కొంతైనా ఆదుకున్నది స్పష్టంగా రాసిన వాటా. వాటాలు దివ్యఖుర్ఆన్‌లోనే నిర్ణయమై ఉన్న మనల్ని ఈ చరిత్ర సూటిగా అడుగుతున్నది: ఆ వాటా మన ఆడబిడ్డల చేతికి నిజంగా అందుతున్నదా?