పసి యేసుకు ఎదురొచ్చిన విధవరాలు

దేవుడే తమ కాపరి అని ఆదివారం ఆరాధనలో చేతులెత్తి పాడిన కుటుంబం, సోమవారం ప్రయాణానికి బయలుదేరుతుండగా ఎవరో తుమ్మితే చాలు, ఆగిపోతుంది. కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మరీ గడప దాటుతుంది. కారు అద్దం మీద వాక్యం ఉంటుంది, బంపరు కింద నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడుతుంటాయి. పెళ్లి శుభలేఖ మీద సిలువ గుర్తు ఉంటుంది, ముహూర్తం మాత్రం రాహుకాలం చూసుకుని పెట్టిందే! ఇదేమిటని అడిగితే మన సంఘాల్లో అందరి నోటా ఒకటే జవాబు: 'మాకు నమ్మకం లేదు పాస్టరుగారూ, ఇంట్లో పెద్దవాళ్లు బాధపడతారని. అయినా పాటిస్తే పోయేదేముంది?'

పోయేదేముందన్న ఆ ప్రశ్నకు జవాబు వెదకాల్సిన సమయం వచ్చింది. తుమ్ముకు ఆగితే పది నిమిషాలు పోతాయి, పిల్లి ఎదురై వెనుదిరిగితే ఒక బస్సు పోతుంది. అంతవరకైతే నవ్వి ఊరుకోవచ్చు. కానీ మూఢనమ్మకం అక్కడితో ఆగదు. ముందు పిల్లిని, బల్లిని నిందిస్తుంది, ఆ తర్వాత మనిషిని వెదుకుతుంది. వ్యాపారం దెబ్బతింటే 'కొత్త కోడలు అడుగుపెట్టిన వేళ' అంటుంది. తండ్రి చనిపోతే 'పిల్ల పుట్టిన నక్షత్రం' అంటుంది. భర్తను పోగొట్టుకున్న స్త్రీ వీధిలో ఎదురైతే తల పక్కకు తిప్పుకొమ్మంటుంది. ఇంతకీ పోయేది మనిషి మర్యాద, మనసు. అదీ బయటివాళ్లది కాదు, మన అమ్మది, మన వదినది, మన కోడలిది.

క్రైస్తవ వివాహాల్లో మేము తరచూ చూసే దృశ్యం ఒకటుంది. భర్త పోయాక రెక్కలు ముక్కలు చేసుకుని కూతుర్ని పెంచి, చదివించిన తల్లి ఆ కూతురి పెళ్లిరోజున చర్చిలో ఎక్కడో వెనుక వరుసలో కూర్చుంటుంది. నలుగు పెట్టడానికి ముత్తయిదువలనే పిలుస్తారు. తాళి ఉన్న పళ్లెం అందరి చేతులకూ వెళ్తుంది, ఆమె దగ్గరికొచ్చేసరికి పక్కకు తప్పుకుంటుంది. ఎవరూ ఆమెను పొమ్మనరు, ఆమే తప్పుకుంటుంది. 'నా చెయ్యి తగిలితే పిల్లకు మంచిది కాదేమో' అన్న భయాన్ని ఆమె మనసులో అంత బలంగా నాటింది మనమే. బిడ్డ కోసం అందరికన్నా ఎక్కువ ప్రార్థించిన చేతులనే అశుభమనడం కన్నా ఘోరం మరొకటుందా?

ఇప్పుడు లూకా సువార్త రెండో అధ్యాయం తెరుద్దాం. యేసు పుట్టిన నలభై రోజులకు, ధర్మశాస్త్రం చెప్పిన శుద్ధీకరణ దినాలు ముగిశాక, యోసేపు మరియలు ఆయన్ను యెరూషలేము ఆలయానికి తీసుకొచ్చారు. పసిబిడ్డను దేవుని ఆలయానికి తీసుకెళ్లే శుభవేళ అది. సరిగ్గా ఆ గడియలోనే ఒక విధవరాలు ఎదురొచ్చింది. ఆమె ఆషేరు గోత్రానికి చెందిన అన్న అనే ప్రవక్త్రి. ఏడేళ్లు మాత్రమే కాపురం చేసి భర్తను కోల్పోయి, ఉపవాస ప్రార్థనలతో ఆలయాన్ని విడవకుండా జీవించిన వృద్ధురాలు (లూకా 2:36–38). మన లెక్క ప్రకారం ఇంతకన్నా పెద్ద అపశకునం ఉండకూడదు. కానీ మరియ బిడ్డను కొంగు చాటున దాచుకోలేదు, యోసేపు వెనుదిరగలేదు. అన్న దేవుణ్ణి స్తుతించి, విమోచన కోసం ఎదురుచూస్తున్న వారందరికీ ఆ బిడ్డ గురించి చెప్పింది. రక్షకుని గురించి ఆలయంలో ప్రకటించే భాగ్యాన్ని దేవుడు ఒక విధవరాలికిచ్చాడు. దేవుడు తన కుమారుడికి ఎదురు పంపిన స్త్రీ మన ఇంటి పెళ్లికి పనికిరాదా?

'కోడలి అడుగు' సంగతీ బైబిల్లో ఉంది. నయోమి మోయాబులో భర్తను, ఇద్దరు కొడుకులను పోగొట్టుకుని బేత్లెహేముకు తిరిగొచ్చింది. వెంట వచ్చింది పరదేశి అయిన కోడలు, అదీ విధవరాలు. 'ఈ పిల్ల కాలు పెట్టింది, నా ఇల్లు కూలింది' అనడానికి ఆ అత్తగారికి కావలసినన్ని కారణాలున్నాయి. నయోమి తన దుఃఖాన్ని ఊరి స్త్రీలతో చెప్పుకుంది, కోడలి నెత్తిన మాత్రం వేయలేదు. రూతును 'నా కుమారీ' అని పిలిచింది. ఆ రూతు పేరే యేసుక్రీస్తు వంశావళిలో చేరింది (మత్తయి 1:5). నిందకు బదులు ప్రేమ దొరికిన కోడలు ఆ ఇంటిని ఎలా నిలబెడుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కష్టం వచ్చినప్పుడు కారణం వెదకడం మానవ నైజం. కారణం దొరక్కపోతే మనం దోషిని వెదుకుతాం. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది కూడా అదే: తప్పు ఇతనిదా, కన్నవాళ్లదా? ఎవరిదీ కాదని యేసు తేల్చి చెప్పి, అతనికి చూపునిచ్చాడు (యోహాను 9:1–7). సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది యెరూషలేములోని మిగతావారికన్నా పాపులు కారని కూడా ఆయనే చెప్పాడు (లూకా 13:4). దోషి ఎవరన్నది లోకం ప్రశ్న, ఇతనికి మనమేం చేయగలమన్నది క్రీస్తు మార్గం.

ఇంకో విషాదమేమిటంటే, పాత నమ్మకాలు వదిలేశామనుకున్న చోట కొత్తవి క్రైస్తవ వేషంలో వచ్చి కూర్చున్నాయి. చదవని బైబిలు పీడకలలు రాకుండా తలగడ కింద ఉంటుంది. ప్రార్థన నూనె సీసా గుమ్మానికి కాపలా కాస్తుంది. డిసెంబరు 31 అర్ధరాత్రి తీసుకున్న వాగ్దాన కార్డు కొందరికి ఏడాది జాతకమైపోయింది. అన్నిటికన్నా ప్రమాదకరమైంది మరొకటుంది. రోగంతో, అప్పులతో నలిగిపోయిన కుటుంబానికి 'మీ దగ్గరి బంధువే చేతబడి చేయించాడు' అని చెప్పే ప్రవచనం. ఆ ఒక్క మాటతో అన్నదమ్ములు విడిపోయిన ఇళ్లున్నాయి. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని చంపిన ఘోరాలు మన తెలుగు పల్లెల్లో జరిగాయని మరచిపోకూడదు. ఆ అనుమానానికి దేవుని పేరు తగిలించడం పరిచర్య కాదు, పాపం.

ఏలీ దినాల్లో ఇశ్రాయేలీయులు ఈ పొరపాటే చేశారు. జీవితాలు మార్చుకోకుండా నిబంధన మందసాన్ని రక్షరేకులా యుద్ధానికి మోసుకెళ్లి, 30 వేలమంది కాల్బలాన్ని, మందసాన్ని కూడా పోగొట్టుకున్నారు (1 సమూయేలు 4:10–11). అరణ్యంలో దేవుడే చేయించిన ఇత్తడి సర్పానికి తర్వాతి తరాలవారు ధూపం వేయడం మొదలుపెడితే, హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేయించాడు (2 రాజులు 18:4). దేవుడిచ్చిన వస్తువు కూడా దేవుని స్థానంలోకొస్తే పగలగొట్టాల్సిందే!

ఈ విషయంలో తెలుగు క్రైస్తవులకు మరింత బాధ్యత ఉంది. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు ఊరి వెలుపల బతికినవాళ్లు, నీడ సోకితేనే మైల అనిపించుకున్నవాళ్లు. వాళ్లు ఎదురైతే తప్పుకుని పోయిన లోకంలో, క్రీస్తు వాళ్లకు ఎదురెళ్లి కౌగిలించుకున్నాడు. ఆ సువార్త ఫలాలు తిన్న సంతానం ఇవాళ మరో మనిషిని అపశకునమంటే అర్థమేముంది? ఆ బాప్తిస్మాలు జరిగిన మూడేళ్లకే, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఎన్నో వ్యతిరేకతల నడుమ తొలి వితంతు వివాహం జరిపించారు. ఆయన మన సంఘస్థుడు కాదు. కానీ ఆయన చూపిన ధైర్యంలో పదోవంతైనా మన పెళ్లి పందిళ్లలో కనిపించాలి కదా!

అలాగని ఇంట్లో పెద్దల్ని ఎగతాళి చేయమని, ఇతర మతస్థులైన మిత్రుల ఇళ్లకెళ్లి వాళ్ల ఆచారాలమీద ప్రసంగాలు చేయమని మేము చెప్పడం లేదు. దిష్టి తీసే అమ్మమ్మ చేతిలో ఉన్నది ఉప్పే, కానీ ఆమె గుండెలో ఉన్నది మనవడి మీద ప్రేమ, వాడికేమవుతుందోనన్న భయం. ప్రేమను గౌరవిద్దాం, భయాన్ని ప్రార్థనతో తీరుద్దాం. ఆమె పక్కన కూర్చుని, ఆ బిడ్డ మీద చెయ్యి వేయించి ప్రార్థన చేయిద్దాం. కఠినంగా ఉండాల్సింది మన సంగతిలో మనమే. ఎఫెసులో తమ మంత్రవిద్యల పుస్తకాలను తెచ్చి కాల్చింది అప్పటికే ప్రభువును విశ్వసించినవాళ్లు, వాటి విలువ 50 వేల వెండి రూకలు (అపొ.కా. 19:18–19). నమ్మిన తర్వాత కూడా ఇంట్లో మూలన దాచిందేదో వాళ్లు బయటకు తెచ్చారు.

మనం బయటకు తేవాల్సింది వెనుక వరుసలోని ఆ తల్లిని. వచ్చే పెళ్లిలో పాస్టరుగారు ప్రార్థించే ముందు తాళి ఉన్న పళ్లెం మొదట ఆమె చేతికివ్వండి. దీవెన మాట మొదట ఆమె నోట రానివ్వండి. సంఘ పెద్దలు నిలబడి ఆమెను ముందుకు పిలవండి. ఎవరైనా గొణిగితే, ఆలయంలో పసి యేసుకు ఎదురొచ్చిందెవరో చదివి వినిపించండి. పాటిస్తే పోయేదేముందని ఇన్నాళ్లూ అడిగాం. విడిచిపెడితే ఇంటికి ఒక అమ్మ తిరిగొస్తుంది!