సాంబ్రాణి వచ్చిన దారి

పిల్లలూ! గుళ్ళోనూ దర్గాలోనూ, తలంటిన పాపాయి ఉయ్యాల దగ్గరా ఒకే పొగ వేస్తారు. ఏమిటో చెప్పండి చూద్దాం. సాంబ్రాణి!

అది చెట్టు బంక. చెట్టుకు గాయమైతే పురుగూ బూజూ చేరకుండా బంక కారి, గాలికి గట్టిపడి, గాయాన్ని మూస్తుంది. మీ మోకాలు చెక్కుకుపోతే పొక్కు కట్టినట్టే. నిప్పులమీద వేస్తే అందులోని తైలాలు ఆవిరై, పరిమళం గదంతా వ్యాపిస్తుంది.

అరేబియాలో ఒమాన్ దేశపు ధోఫార్ సీమ ఇలాంటి బంకకు పేరుపొందింది. అక్కడివారు దానిని 'లుబాన్' అంటారు. బెరడు కొంచెం చెక్కి, కొన్నాళ్ళకు ఎండిన బొట్లను గీకి తీస్తారు. మన 'లోబాన్' ఆ మాటే. సుమత్రా దీవిలోని మరో చెట్టు బంకను అరబ్బులు 'లుబాన్ జావీ' అన్నారు. మన అంగళ్ళ సాంబ్రాణి చాలావరకు ఈ రకమే. గల్ఫునుంచి సెలవుకు వచ్చే మనవాళ్ళు అత్తరు సీసాలు తెస్తారు కదా, 'అత్తరు' కూడా అరబ్బీనుంచి వచ్చిన మాటే.

ఈ బేరాలు ఈనాటివి కావు. మన పాలకుర్తి సీమను ఓరుగల్లునుంచి ఏలిన గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలో వున్నది. చందనం, కర్పూరం, పన్నీరు మొదలైనవాటికి అందులో సుంకాలు నిర్ణయించాడు. అంతకు పూర్వం తుఫానుకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే రాజులు సరుకంతా లాక్కునేవారు. గణపతిదేవుడు మాత్రం, న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోనని అభయమిచ్చాడు.

చెట్టుకూ అలాంటి అభయం కావాలి. గాట్లు ఎక్కువైతే చెట్టు నీరసిస్తుంది; దాని గింజలు సరిగా మొలకెత్తవు. ఇథియోపియా వంటి చోట్ల లేత మొక్కలను పశువులు మేసి, కార్చిచ్చు కాల్చి, కొత్త చెట్లు ఎదగడంలేదని 2019లో శాస్త్రజ్ఞులు హెచ్చరించారు. లుబాన్ చెట్టుకు చుట్టం మన తెలంగాణ కొండ అడవుల్లోనూ వున్నది. పేరు అందుగు. దాని బెరడు కాగితంలా పొరలు పొరలుగా లేస్తుంది. కనబడితే గాటు పెట్టకండి!

ఒక పరీక్ష చేయండి. రెండు గ్లాసుల నీళ్ళు తీసుకొని, ఒకదానిలో తుమ్మజిగురు, రెండోదానిలో సాంబ్రాణి వేసి రాత్రంతా వుంచండి. తెల్లవారి ఏది కరిగిందో చూడండి. ఎందుకో ఆలోచించండి. వచ్చే నెల చెప్పుకుందాం.