వాచీ సరే, తీరికేదీ?

ఈమధ్య ఆఫీసులకు కొత్త సరదా పట్టుకుంది. ఉద్యోగుల చేతికి ఓ వాచీ తగిలించి, వాళ్ళ అడుగులు లెక్కపెట్టే సరదా! రోజుకు పదివేలు వేసినవారికి చప్పట్లు. వెయ్యనివారి పేర్లు పట్టికలో అట్టడుగున. మా ఆఫీసులోనూ ఇదే తంతు. ఆరోగ్యం కోసమే కదా, కాదనను. కానీ ఆ అట్టడుగున ఉన్నవి చాలావరకు ఆడవాళ్ళ పేర్లే. మేమంత బద్ధకస్తులమా?

అసలీ పదివేలు ఏ వైద్యశాస్త్రం చెప్పిందనుకున్నారు? 1965లో జపానులో ఒక కంపెనీ అడుగులు లెక్కించే మీటరు తయారుచేసి, దానికి 'పదివేల అడుగుల మీటరు' అనే అర్థం వచ్చే పేరు పెట్టి అమ్ముకుంది. అమ్మకం కోసం పెట్టిన పేరు మనకు శాసనమై కూర్చుంది! 2019లో వెలువడిన అమెరికా పరిశోధన ఒకటుంది. సగటున 72 ఏళ్ళ వయసున్న 16,741 మంది స్త్రీల నడకను అందులో పరిశీలించారు. రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 వేసేవారిలో మరణాలు బాగా తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు.

కాబట్టి అంకెతో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా తీరికతోనే. తెల్లవారగానే ఇందిరా పార్కుకు వెళ్ళి చూడండి. మగమహారాజులు చేతులూపుకుంటూ చకచకా నడుస్తుంటారు. ఆ వేళకు వాళ్ళ ఇళ్ళల్లో కుక్కరు కూతపెడుతూ ఉంటుంది. దాని దగ్గర ఎవరున్నారో వేరే చెప్పాలా?

పోనీ, సాయంత్రం నడవమంటారా? 'చిక్కడపల్లిలో ఉండేవాళ్ళు నారాయణగూడ స్టేషనులోనే మెట్రో దిగి నడిచి వెళ్ళొచ్చుగా' అని ఉచిత సలహా. దిగాక కాలు పెట్టే చోటేదండీ? ఫుట్‌పాత్ మీద స్కూటర్లు, స్కూటర్ల పక్కన తోపుడుబళ్ళు. బండివాణ్ణి నేను తిట్టను, అతని పొట్ట అతనిది. కానీ ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. దాకా బళ్ళు దూసుకుపోవడానికి 2023లో ఉక్కు వంతెన కట్టగలిగినవాళ్ళు, కింద మనిషి నడవడానికి మూడడుగుల చోటు చూపించలేరా?

ఆఫీసువారికి నా మనవి ఇదీ. వాచీ ఇవ్వండి, దానితోపాటు పనివేళల్లోంచే అరగంట ఇవ్వండి. నలుగురం కలిసి కబుర్లాడుకుంటూ నడుస్తాం. మోకాళ్ళ నొప్పులున్నామెకు ఆమె శక్తికి తగిన లెక్క పెట్టండి. ఆ పట్టిక చింపెయ్యండి. నేను పోల్చుకోవలసింది నిన్నటి నాతో, పక్క సీటు కుర్రాడితో కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఆ అంకెలు ప్రమోషన్ల ఫైలు గడప తొక్కకూడదు.

ఇక ఇంట్లో శ్రీవారికి ఒక్క మాట. వారానికి మూడు రోజులు కుక్కరు కూతలు మీరు లెక్కపెట్టండి. మా అడుగులు మేం లెక్కపెట్టుకుంటాం!