అనుమతి ఒకటి, అర్థాలు రెండు

పల్లెలను వెదకుకొంటూ చిత్ర బృందాలు రావడం కొత్తేమీ కాదు. 1975లో విడుదలైన ‘షోలే’ కోసం కర్ణాటకలోని రామనగర కొండలు రామ్‌గఢ్‌గా మారాయి. నేడు పాత మండువా ఇళ్లకు, మామిడి తోటలకు, చెరువు కింది పొలాలకు గిరాకీ ఉన్నది. కొన్ని రోజుల అద్దె, తెరపై తమ ఇంటిని చూసుకొనే ముచ్చట కలిసి యజమానిని తొందరపెడతాయి. నష్టానికి బీజం పడేది ఆ తొందరలోనే.

2022లో మాండ్య జిల్లా మేలుకోటెలో రాయగోపురం వద్ద ఒక తెలుగు చిత్రం కోసం మద్యశాల సెట్టు వేయడంపై స్థానికులు నిరసన తెలిపారు. చిత్రీకరణకు అనుమతి ఉన్నది. అక్కడ చిత్రించబోయేది ఏమిటన్నదే వివాదానికి మూలమైంది. చారిత్రక కట్టడం విషయంలోనే ఇట్లు జరిగినప్పుడు, నోటిమాటపై ఇల్లు అప్పగించే కుటుంబం మరింత జాగ్రత్త వహించవలసి ఉన్నది.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 13వ సెక్షను ప్రకారం ఇరుపక్షాలు ఒకే విషయాన్ని ఒకే అర్థంలో అంగీకరించడమే సమ్మతి. సరిహద్దు గ్రామాలలో ఈ సూత్రానికి విశేష ప్రాధాన్యం ఉన్నది. ఇంట మాట్లాడేది తెలుగు; బడిలో చదివినది కన్నడమో, తమిళమో, ఒడియానో; సంతకానికి వచ్చే పత్రం తరచుగా ఇంగ్లీషు. చదవకుండా సంతకం చేసి, పిదప తెలియదనడం న్యాయస్థానంలో సులభంగా చెల్లదు. పత్రాన్ని తెలిసిన భాషలో వ్రాయించుకొని, ఆ ప్రతిపై కూడా బృందం సంతకం తీసుకొనడం కనీస జాగ్రత్త.

చిత్రీకరణకు ఇచ్చేది సాధారణంగా కౌలు కాదు, లైసెన్సు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం లైసెన్సు వల్ల ఆస్తిపై ఎట్టి హక్కూ సంక్రమించదు. మామూలుగా దానిని రద్దు చేయవచ్చును. అయితే ఆ అనుమతి ఆధారంగా బృందం సొంత ఖర్చుతో శాశ్వత స్వభావం గల నిర్మాణం చేసినచో రద్దు కుదరదని 60వ సెక్షను చెబుతున్నది. గోడ లేపడానికి, అరుగు కట్టడానికి సరేనన్న మాట ఎంత దూరం పోగలదో దీనినిబట్టి గ్రహించవచ్చును. నిర్మాణం తాత్కాలికమేనని, ఫలానా తేదీకి దానిని తొలగించి ఇంటిని పూర్వస్థితిలో అప్పగించవలెనని వ్రాసుకొనడం తప్పనిసరి.

అద్దె ఒకరికి, నష్టం మరొకరికి కావడం ఇంకొక చిక్కు. ఉమ్మడి ఇల్లయితే అన్నదమ్ములు, ఆడపడుచులు సహా వాటాదారులందరి సమ్మతి అవసరం. పొలం కౌలుకు ఇచ్చి ఉన్నట్లయితే జనరేటరు వ్యాను, లారీల చక్రాల కింద నలిగేది కౌలుదారు పంట. తెగేది పొరుగు రైతు గట్టు. వారి పరిహారం ముందే తేల్చని యజమానికి, బృందం వెళ్లిన తరువాత ఊరిలో మిగిలేది తగవే.

రోజులు, వేళలు, వాడే గదులు, తీసే సన్నివేశాల స్వభావం, అదనపు రోజుకు అద్దె, డిపాజిట్టు, చెత్త తొలగింపు పత్రంలో ఉండవలెను. బృందం రాకముందే గోడలు, నేల, చెట్లు ఫొటోలు తీయించి, వాటిపై ఇరుపక్షాలూ సంతకం చేయడం మేలు. ఇల్లంతా తిరిగి చూసుకొన్న తరువాతనే డిపాజిట్టు వాపసు చేయవలెను. చిత్రం ఆడినా ఆడకపోయినా ఆ కుటుంబం కాపురం ఉండవలసినది ఆ ఇంటిలోనే.