శ్రమల దినములలో గృహ ప్రార్థన



భస్మ బుధవారము మొదలుకొని పునరుత్థాన పండుగ వఱకు గల కాలమును మనము శ్రమల దినములని ఆచరించుచున్నాము. ప్రభువు అరణ్యమున 40 దినములు ఉపవాసముండుటకు ఇవి జ్ఞాపకార్థములు. ఆదివారము ఆయన మృతులలోనుండి లేచిన దినము గనుక దానిని ఈ లెక్కలో చేర్చరు. ఈ దినములలో కొందఱు మాంసమును, కొందఱు ఒకపూట భోజనమును మానుదురు. ఇవి మంచివే. కాని వీటికంటె మానుటకు కష్టమైనది యొకటి కలదు. అది "నేను కోరినట్లే జరుగవలెను" అను మన పట్టుదల.

ఈ సంగతి నాకు 2025వ సంవత్సరమున తెలిసివచ్చినది. ఆ యేడు భస్మ బుధవారము మార్చి 5వ తేదీన వచ్చెను. అప్పటికే మా అత్తగారు మూత్రపిండముల వ్యాధితో మంచము పట్టియుండిరి. వైద్యము జరుగుచుండెను. నేను ప్రతిరాత్రియు మోకరించి, ఆమెను లేపినయెడల ఇంత కానుక నిచ్చెదననియు, ఇన్ని ఉపవాసములు చేసెదననియు వేడుకొనుచుంటిని. ఒకనాడు ఆ మాటలు ఆమె చెవిని బడెను.

"అమ్మాయీ, సంతలో బేరమాడినట్లు దేవునితో బేరమాడుచున్నావేమి? తండ్రిని అడుగు. అడిగి, ఆయన చేతిలో విడిచిపెట్టి నిద్రపొమ్ము" అనిరి.

మఱునాటి కుటుంబ ప్రార్థనలో మా పదేండ్ల కుమార్తె, "దేవుడు తన చిత్తమునే జరిగించునప్పుడు మనము అడుగుట యెందులకమ్మా?" అని ప్రశ్నించెను. నాకు సమాధానము తోచలేదు. ఆ సాయంకాలము అత్తగారి మంచము చుట్టును గూర్చుండి గెత్సేమనే వృత్తాంతమును చదివితిమి.

గెత్సేమనే యనగా నూనె గానుగ. ఒలీవల కొండమీది ఆ తోటలో ప్రభువు తన కోరికను దాచుకొనలేదు. ఆ శ్రమపాత్ర తొలగిపోవలెనని స్పష్టముగా నడిగెను. ఒకమారు గాదు, ముమ్మారు ప్రార్థించెను. మెలకువగా నుండుడని కోరిన శిష్యులు నిద్రించుచుండిరి. అడిగిన పిమ్మటనే, తన యిష్టము గాక తండ్రి చిత్తమే నెరవేరవలెనని తన్ను అప్పగించుకొనెను. పాత్ర తొలగలేదు గాని బలము దొరకెను. అంతట శిష్యులను లేపి, తన్ను పట్టుకొన వచ్చువారికి ఎదురుగా నడచెను.

చదువుట ముగిసిన పిదప అత్తగారు మనుమరాలిని చేరదీసి, "మనము అడుగుట దేవునికి తెలియనిది తెలుపుటకు గాదు తల్లీ, మన భారమును ఆయనయొద్ద దించుటకు" అనిరి.

మట్టల ఆదివారమునకు ముందటి గురువారమున ఆమె ప్రభువునందు నిద్రించిరి. నేను మిక్కిలి యేడ్చితిని. అప్పగించుకొనుట యనగా ఏడ్వకుండుట యని యెవ్వరును తలంపవలదు. ప్రభువును కన్నీటితోనే ప్రార్థించెను. ఏప్రిల్ 20వ తేదీని పండుగ వేకువజామున సమాధుల తోటకు వెళ్లి క్రొవ్వొత్తి వెలిగించితిమి. "మనము అడిగినది దేవుడు వినెనా?" అని కుమార్తె యడిగెను. "వినెననియే నమ్ముచున్నాను" అంటిని. ఈమాఱు ఆ మాటలో బేరము లేదు.

సోదరీమణులారా, ఇచట నొక హెచ్చరిక యవసరము. మందు మానుట అప్పగింపు కాదు. భర్త త్రాగి కొట్టినను, కట్నమునకై వేధించినను, "దేవుని చిత్తము, ఓర్చుకొమ్ము" అని చెప్పువారు కలరు. అది మనుష్యుల పాపమే గాని దేవుని చిత్తము కాదు. అట్టి సోదరికి ప్రార్థనతోపాటు ఆశ్రయమును, చట్ట సహాయమును చూపుట మన విధి.

ఇక గృహ ప్రార్థన మాట. సాయంకాలము దీపములు వెలిగించిన పిమ్మట పావుగంట చాలును. సువార్తలలోని శ్రమల అధ్యాయములను వంతులుగా చదువుడు. పిల్లలను సహితము తమ కోరికను తమ మాటలలోనే అడుగనిండు, దిద్దకుడు. అందఱును అడిగిన తరువాత కొంతసేపు మౌనముగా నుండుడు. తుదకు పరలోక ప్రార్థన చెప్పుకొనుడు. మానిన పూట బియ్యమును పిడికెడు బియ్యపు పాత్రలో వేసి, ఆకలిగొన్నవారికి చేర్చుడు.

అడుగుటకు ధైర్యమును, విడుచుటకు నమ్మికను దేవుడు మన గృహములకు దయచేయును గాక!